మేనకోడలికి ఉత్తరం: బడి వదిలి పంచాయతీకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,
మావయ్య ఆశీస్సులు.

వచ్చే ఎన్నికల్లో సర్పంచిగా నిలబడతానని, ఎప్పటికైనా శాసనసభలో కూర్చోవాలని ఉందని రాశావు. సంతోషం. మీ అమ్మ మాత్రం ఫోనులో ఏడ్చింది. అది నేను చూసుకుంటాను.

ముందు నీ ప్రభుత్వ టీచరు ఉద్యోగం సంగతి. సెలవు పెట్టి పోటీ చేయడం కుదరదు, రాజీనామా చేయాల్సిందే. పంపడం వేరు, ఆమోదం రావడం వేరు. నా తోటి ఉపాధ్యాయుడొకరు ఆమోదపత్రం చేతికి రాకుండానే నామినేషన్ వేశారు. పరిశీలన రోజున తిరస్కరించారు. తర్వాత రాజీనామా కూడా ఆమోదం పొందింది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు పాపం.

సర్పంచి ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. ఉంగరమో కత్తెరో ఇస్తారు. పార్టీ గుర్తులు ఎంపీటీసీ, జడ్పీటీసీ (మండల, జిల్లా పరిషత్ సభ్యుల) ఎన్నికల నుంచి మొదలవుతాయి. కాబట్టి ఊళ్లో నీ ముఖమే నీ గుర్తు. నీ దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులంతా ఓటేస్తారని లెక్క వేసుకోకు. నేను వేసుకుని, మొదటిసారి ఓడాను.

గెలిచాక నన్ను ఇబ్బంది పెట్టింది ప్రతిపక్షం కాదు, నా బడి అలవాటే. ఒక ముసలమ్మ కుళాయి రావడం లేదని వస్తే, ట్యాంకు ఎత్తు, పైపు వాలు అంటూ పావుగంట వివరించాను. ఆవిడ ఖాళీ బిందె నా బల్ల మీద పెట్టి, "పాఠానికి రాలేదు నాయనా, నీళ్లకు వచ్చాను" అంది. ఆ రోజు నుంచి ముందు వెళ్లి చూడటం, తర్వాతే మాట్లాడటం నేర్చుకున్నాను. అలాగని లెక్క చెప్పడం మానకు. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. అలాంటి షరతుల వల్ల సిమెంటు రోడ్డు అడిగిన వీధికి కాదనాల్సి వస్తుంది. గ్రామసభలో చిట్టా విప్పి చూపిస్తే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

శాసనమండలిలో ఉపాధ్యాయులు ఓటేసి ఎన్నుకునే స్థానం దగ్గరి దారని ఎవరో చెప్పినట్టున్నారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో అవి 5 మాత్రమే. పైగా ఆ ఓటు ఉన్నత పాఠశాల, ఆపై స్థాయిలో కనీసం మూడేళ్లు బోధించినవారికే. నీతో ప్రాథమిక బడిలో చెప్పే స్నేహితురాళ్లు నీకు ఓటెయ్యలేరు.

నన్నడిగితే ద్రౌపది ముర్ము గారి దారి చూడు. ఒడిశాలోని రాయ్‌రంగపూర్‌లో పాఠాలు చెప్పి, 1997లో అదే ఊళ్లో కౌన్సిలరయ్యారు. 2000లో అక్కడి నుంచే శాసనసభకు వెళ్లి మంత్రయ్యారు. 2009లో లోక్‌సభకు పోటీ చేసి ఓడారు. అందరూ రాష్ట్రపతి భవన్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ మొదటి మూడేళ్ల మీదే ఆసక్తి.

పండక్కి వచ్చేటప్పుడు మీ ఊరి ఓటర్ల జాబితా పట్టుకురా. వీధుల వారీగా కూర్చుని చూద్దాం. రాజీనామా కాగితం మీద అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ మావయ్య