కమ్యూనిటీ కాలేజీలో జాగ్రఫీ చదివితే అమ్మాయి భవిష్యత్తు ఏమవుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు. పన్నెండేళ్లుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో) కంప్యూటర్ సైన్స్ సీటు రాలేదు. ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ఒక సెమిస్టర్ అయ్యిందో లేదో జాగ్రఫీ మేజర్ తీసుకుంటానంటోంది. అప్పటి నుంచి మావారు తనతో సరిగ్గా మాట్లాడడం లేదు. మా ఫ్రెండ్స్ పిల్లలందరూ సీఎస్, డేటా సైన్స్ చదువుతున్నారు. నలుగురిలో ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు. జాగ్రఫీ చదివితే టీచర్ ఉద్యోగం తప్ప ఏముంటుంది? మళ్లీ సీఎస్‌కే మారమని గట్టిగా చెప్పాలా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, పోల్చి చెబుతాను. దానికి ముందు ఒక మాట. మీ ఫ్రెండ్స్ పిల్లలు ఏం చదువుతున్నారో రాశారు, మీవారి కోపం గురించి రాశారు. మీ అమ్మాయికి జాగ్రఫీలో ఏం నచ్చిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? అడగకపోతే ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి, ముందు ఆ పని చేయండి. పద్దెనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ఒక సబ్జెక్టు కావాలంటే, ఇంట్లో తండ్రి మాట్లాడడం మానేయడం ఏం పద్ధతి? రేపు ఆ అమ్మాయికి నిజంగా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకుంటుంది?

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. సబ్జెక్టు పేరు మారుతుంది, లోపలి భయం మారదు. ఇంత దూరం వచ్చి, ఇంత కష్టపడి, పిల్ల వెనకబడిపోతుందేమోనని. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ వెనకబడడం అంటూ ఏమీ జరగలేదు.

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. రాష్ట్రవాసులకు యూనిట్‌కు (అంటే ఒక క్రెడిట్‌కు) 46 డాలర్లు. ఇక్కడ మొదటి రెండేళ్లు చదివి, మిగతా చదువుకు యూసీకి మారడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. దానికి కావాల్సిన 60 యూనిట్లకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 2,760 డాలర్లు. యూసీలో ఒక్క ఏడాది ట్యూషన్ దీనికి ఎన్నో రెట్లు. చివరకు చేతికొచ్చే డిగ్రీ యూసీ పేరుతోనే వస్తుంది, మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారో దాని మీద రాయరు. ఇక జీపీఏ (గ్రేడ్ల సగటు) ఎంత ఉండాలి, ఏ కోర్సు దేనికి సరిపోతుంది అన్నవి కాలేజీ కౌన్సెలర్ అసిస్ట్ అనే వెబ్‌సైట్ చూసి చెబుతారు. నేను వాటి జోలికి వెళ్లను.

సీఎస్ సంగతి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే మనవాళ్లు దాన్ని ఇంకా 2015లో ఉన్నట్టే చూస్తున్నారు. 2022 చివరి నుంచి పెద్ద కంపెనీల్లో వరసగా లేఆఫ్స్ చూశాం. మీ వీధిలోనే ఎవరో ఒకరు ఉండి ఉంటారు. దెబ్బ ఎక్కువగా తగిలింది కొత్తగా డిగ్రీతో బయటికొచ్చిన పిల్లలకు. జూనియర్లకు ఇచ్చే చిన్న చిన్న కోడింగ్ పనులు ఇప్పుడు ఏఐ టూల్స్ చేస్తున్నాయి. సీఎస్ చదవొద్దని నేను అనను. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు, రాత్రంతా కూర్చుని బగ్ పట్టుకుని సంబరపడే పిల్లలు తప్పకుండా చదవాలి. నాకు అనుమానం ఉన్నది, అందరూ వెళ్తున్నారు కాబట్టి మనమూ వెళ్దాం అన్న సీఎస్ మీద.

పైగా ట్రాన్స్‌ఫర్ దారిలో సీఎస్‌కు ఇంకో చిక్కు ఉంది. ఆరు యూసీ క్యాంపస్‌లు (డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్) ట్రాన్స్‌ఫర్ పిల్లలకు ‘ట్యాగ్’ పేరుతో ముందే సీటు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఇచ్చే చోట కూడా అన్ని మేజర్లకూ ఇవ్వరు. శాంటా బార్బరానే చూడండి: సీఎస్ అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ కింద ఉంది, దానికి ట్యాగ్ లేదు. జాగ్రఫీకి ఉంది. జీఐఎస్ (మ్యాపులనూ డేటానూ కలిపి కంప్యూటర్‌లో విశ్లేషించే విధానం) పరిశోధనలో ఆ జాగ్రఫీ డిపార్ట్‌మెంట్‌ది దేశంలోనే పెద్ద పేరు. ఇష్టం లేని పిల్లను కాల్‌క్యులస్, డేటా స్ట్రక్చర్స్‌లోకి నెడితే ఏమవుతుందో నేను చూస్తూనే ఉంటాను. మొదట సీ గ్రేడ్, తర్వాత మధ్యలో కోర్సు డ్రాప్, ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూలు (కోర్సు వదిలేసినట్టు గుర్తులు). ఇంట్లో తెలిసేది రెండేళ్ల తర్వాత. అప్పటికి జీపీఏ పడిపోయి సీఎస్ ఎలాగూ రాదు, హాయిగా రావాల్సిన మిగతా మేజర్లు కూడా చేజారతాయి.

ఇప్పుడు జాగ్రఫీ. మన స్కూళ్లలో అదంటే నదుల పేర్లు, రాజధానులు, సోషల్ పరీక్షలో మ్యాప్ పాయింటింగ్. అందుకే మీకు టీచర్ ఉద్యోగం తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. అమెరికాలోనూ ఈ సబ్జెక్టుకు కొంత చిన్నచూపు ఉంది, హార్వర్డ్ 1948లో తన డిపార్ట్‌మెంట్‌ను మూసేసింది. బర్క్‌లీలో మాత్రం 1898 నుంచి నడుస్తోంది.

‘జాగ్రఫర్’ అన్న పేరుతో ఉద్యోగాలు దేశం మొత్తంలో రెండు వేలకు లోపే. ఇది విని కంగారు పడకండి. పని వేరే పేర్లతో ఉంటుంది: జీఐఎస్ అనలిస్ట్, సిటీ ప్లానర్, కార్టోగ్రాఫర్ (మ్యాపులు తయారుచేసేవాళ్లు), ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్, వాటర్ డిస్ట్రిక్ట్, ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్. 2023 మేలో స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ కంపెనీ కాలిఫోర్నియాలో ఇళ్లకు కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేయడం మీకు గుర్తుండే ఉంటుంది. కార్చిచ్చు వస్తే ఏ కొండవాలుకు నిప్పు ఎలా పాకుతుంది, ఏ ఇల్లు ఎంత ప్రమాదంలో ఉంది అని లెక్క కట్టే పని ఇన్సూరెన్స్ కంపెనీలకూ, కౌంటీలకూ, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కూ కావాలి. అది ఈ చదువుకు సంబంధించిన పనే. ఇక జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో అందరికన్నా పెద్దదైన ఎస్రీ 1969లో పుట్టింది మీ రాష్ట్రంలోనే, రెడ్‌లాండ్స్‌లో.

ఒక స్టూడెంట్ క్లాస్ ప్రాజెక్ట్ గురించి చెబుతాను. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కారు నడపలేరు కదా, వాళ్లు బస్సులో గుడికి వెళ్లగలరా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న. మ్యాప్ మీద బస్టాప్ చుట్టూ అర మైలు గీత గీస్తే గుడి అందులోనే పడింది. కానీ మధ్యలో ఫ్రీవే అడ్డం. నడవగలిగే దారులను మాత్రమే తీసుకుని మళ్లీ లెక్క కడితే, ఓవర్‌బ్రిడ్జి వరకు వెళ్లి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది, దూరం మైలు దాటింది. ఆ రెండు మ్యాపులనూ పక్కపక్కన పెట్టి, సిటీలో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు తీసుకెళ్లింది. ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది ఇలాంటి ఆలోచననే.

జీతం గురించి దాచను. ప్లానర్లు, కార్టోగ్రాఫర్ల మధ్యస్థ జీతం దేశంలో సుమారు 80,000 డాలర్ల దగ్గర ఉంటుంది. మీ బే ఏరియా అద్దెలకు అదేమీ గొప్ప కాదు, సీఎస్‌లో కుదురుకున్నవాళ్లతో పోలిస్తే తక్కువే. మరో జాగ్రత్త: ఊరికే మ్యాపుల్లో గీతలు గీసే పనితో సరిపెట్టుకోకూడదు. అలాంటి పనులు ఎప్పుడో హైదరాబాద్ ఆఫీసులకు వెళ్లాయి, ఇప్పుడు అక్కడా మెషీన్ చేతికి వెళ్తున్నాయి. కాబట్టి జీఐఎస్‌తో పాటు స్టాటిస్టిక్స్, పైథాన్, డేటాబేస్ కోర్సులు కమ్యూనిటీ కాలేజీలోనే తీసుకోమనండి. క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ రాత్రే లాప్‌టాప్‌లో వేసుకోవచ్చు.

మీరు రాయని సంగతి ఇంకొకటుంది, అన్నిటికన్నా ముఖ్యమైంది: వీసా. అమ్మాయికి గ్రీన్‌కార్డు కానీ సిటిజన్‌షిప్ కానీ ఉందా, లేక మీతో పాటు హెచ్-4లో (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసాలో) ఉందా? హెచ్-4 అయితే 21 ఏళ్లకు ఆ స్టేటస్ పోతుంది, ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకు) మారాల్సి రావచ్చు. అప్పుడు డిగ్రీ తర్వాత పనిచేసే గడువు మేజర్‌కు ప్రభుత్వ జాబితాలో ఉన్న కోడ్‌ను బట్టి ఉంటుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఓపీటీకి, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతికి, అదనంగా 24 నెలలు వస్తాయి. ‘జాగ్రఫీ అండ్ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్’ కోడ్‌ను 2022లో ఆ జాబితాలో చేర్చారు, మామూలు జాగ్రఫీ కోడ్‌కు ఆ సౌకర్యం ఉంటుందని అనుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ కావాలనుకునే ప్రతి యూనివర్సిటీకీ ‘మీ మేజర్ కోడ్ ఏది’ అని మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫెడరల్ ఉద్యోగాలు చాలావరకు సిటిజన్లకే, అది కూడా లెక్కలో ఉంచుకోండి. మీవారు కోపం మీద పెట్టే శక్తి ఈ వీసా పని మీద పెడితే పిల్లకు ఎంతో మేలు.

కాబట్టి సీఎస్‌కు మారమని గట్టిగా చెప్పొద్దు. ఫిజికల్ జాగ్రఫీ ల్యాబ్‌తో, ఒక జీఐఎస్ కోర్సు, ఒక పైథాన్ కోర్సు వచ్చే సెమిస్టర్‌లో కలిపి తీసుకోమనండి. మూడింటిలో ఏది చేస్తున్నప్పుడు టైమ్ మర్చిపోతోందో తనకే తెలుస్తుంది. కోడింగ్ నచ్చితే సీఎస్ తలుపు అప్పటికీ మూసుకుపోదు. నచ్చకపోతే, ట్రాన్స్‌ఫర్‌కు ముందు ఏడాది సెప్టెంబరులో శాంటా బార్బరా జాగ్రఫీకి ట్యాగ్ అప్లికేషన్ పెట్టించండి, ఆ కిటికీ సెప్టెంబరు 30తో మూసేస్తారు.