ఒకే టికెట్టు మీద గుర్రపు బండి, పడవ: నష్టానికి జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. గత ఆగస్టులో మా నాన్నగారి షష్టిపూర్తి అయిన మరునాడు ఇంటిల్లిపాదీ విజయవాడ వెళ్లాము. అక్కడ ఒక ప్రైవేటు నిర్వాహకుడు గుర్రపు బండి షికారు, దాని వెంటనే కృష్ణలో పడవ విహారం కలిపి ఒకే టికెట్టుగా అమ్ముతున్నాడు. తలకు 900 రూపాయల చొప్పున ఆరు టికెట్లకు ముందురోజే ఫోన్‌పేలో డబ్బు పంపాము. నాలుగేళ్ల మా బాబుకు టికెట్టు అక్కరలేదన్నారు. భవానీపురం నుంచి పున్నమి ఘాట్ వైపు వెళ్లే బండిలో నిర్వాహకుడి మనిషి మా ఏడుగురినీ ఒకేసారి ఎక్కించాడు. మలుపులో గుర్రం కాలు జారి బండి ఒరిగిపోవడంతో అమ్మ కిందపడి ఎడమ మణికట్టు ఎముక విరిగింది. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లి, తమ్ముణ్ణి ఘాట్ దగ్గర విచారించమంటే, వరద వల్ల రెండు రోజులుగా పడవలే నడవడం లేదని అక్కడివాళ్లు చెప్పారట. గుర్రం మెడ దగ్గర పుండు ఉన్నట్టు మా అమ్మాయి తీసిన ఫోటోలో కనబడుతోంది. డబ్బు అడిగితే నిర్వాహకుడు, బండి ఎక్కారు కాబట్టి టికెట్టు వాడుకున్నట్టేనని, వరద దైవాధీనమని, ప్రమాదం సంగతి బండివాణ్ణి అడగమని అంటున్నాడు. ‘డబ్బు వాపసు ఇవ్వబడదు, ప్రయాణం సొంత పూచీపై, వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే’ అని టికెట్టు వెనుక అచ్చు వేసి ఉంది. పడవ యజమాని తనకు పైసా ముట్టలేదంటున్నాడు. మేము ఎవరి మీద, ఎక్కడ, ఏమని ఫిర్యాదు చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు నష్టాలు ఉన్నాయి. ఒకటి జరగని పడవ విహారం తాలూకు డబ్బు, రెండవది మీ అమ్మగారి గాయం. ఈ రెంటికీ చట్టం వేర్వేరు దారుల్లో సమాధానం చెబుతుంది గాని, రెండు దారులూ చివరికి మీ దగ్గర డబ్బు తీసుకున్న నిర్వాహకుడి దగ్గరికే చేరుతాయి. గుర్రపు బండి ఒకరిది, పడవ మరొకరిది కావచ్చు. కానీ రెంటినీ కలిపి ఒక ధర కట్టి, ఒక టికెట్టు చింపి ఇచ్చింది ఆయనే. బండివాడితోను, పడవ యజమానితోను మీకు ఎటువంటి ఒప్పందమూ లేదు. ఆయన వారిని ఎంచుకున్నాడు, వారితో బేరం కుదుర్చుకున్నాడు, ఆ బేరంలో మిగులు తీసుకున్నాడు. తాను ఫలానావారి తరఫున కేవలం ఏజెంటునని టికెట్టు మీద గాని, డబ్బు తీసుకునేటప్పుడు గాని చెప్పినట్టు మీరు రాయలేదు. కాబట్టి ‘బండివాణ్ణి అడగండి’ అనే మాటకు చట్టంలో బలం లేదు.

ముందు పడవ సంగతి చూద్దాం. వరద సమయంలో పడవలు ఆపివేయడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు, మీరు కూడా ఫిర్యాదులో తప్పుపట్టకండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పర్యాటకుల పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయిన ఉదంతం ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరులో ఆ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. నది అటువంటి స్థితిలో ఉన్నప్పుడు పడవ కదలకపోవడం సేవాలోపం కాదు. అసలు ప్రశ్న పడవ ఎందుకు నడవలేదన్నది కాదు, నడవని పడవకు తీసుకున్న డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్నది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీనికి సూటిగా సమాధానం చెబుతుంది. 56వ సెక్షను ప్రకారం ఒప్పందం కుదిరిన తరువాత దానిని నెరవేర్చడం అసాధ్యమైతే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దానిని తిరిగి ఇవ్వాలని, లేదా పరిహారం చెల్లించాలని 65వ సెక్షను చెబుతుంది. అంటే వరద నిజంగా దైవాధీనమే అనుకున్నా, దైవం పేరు చెప్పి డబ్బు ఉంచుకునే హక్కు నిర్వాహకుడికి రాదు. పడవ నడపవలసిన బాధ్యత నుంచి మాత్రమే ఆయనకు విముక్తి.

మీ విషయంలో ఆయన పరిస్థితి ఇంకా బలహీనం. పడవలు రెండు రోజుల ముందే ఆగిపోయాయని ఘాట్ దగ్గరివారు చెప్పారు, మీరు డబ్బు పంపింది ఒక్కరోజు ముందు. నెరవేర్చడం అసాధ్యమని తనకు తెలిసి గాని, తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండేదై గాని, ఆ సంగతి తెలియని అవతలివారికి మాట ఇచ్చినవాడు నష్టపరిహారం చెల్లించాలని అదే 56వ సెక్షను మూడవ పేరా చెబుతుంది. న్యాయవాదులు కూడా తరచు మొదటి రెండు పేరాలు చదివి ఆగిపోతారు. మీ కేసు నిలబడేది ఈ మూడవ పేరా మీద. బ్యారేజీ గేట్లు ఎత్తిన సంగతి, ఎంత నీరు వదులుతున్నదీ ప్రతిరోజూ పత్రికల్లో, టీవీల్లో వస్తూనే ఉంటాయి. ఆ నీటి మీద వ్యాపారం చేసే మనిషి తనకు తెలియదంటే ఏ వినియోగదారుల కమిషనూ నమ్మదు. నడవని పడవకు టికెట్టు అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అక్రమ వ్యాపార పద్ధతి కిందికి కూడా వస్తుంది. లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా ఆ చట్టం 2(47) సెక్షనులో అక్రమ వ్యాపార పద్ధతిగానే పేర్కొంది.

మొత్తం 5,400 రూపాయలూ వస్తాయా, పడవ వాటా మాత్రమేనా? టికెట్టు మీద బండికి ఇంత, పడవకు ఇంత అని విడగొట్టలేదు కాబట్టి మొత్తం అడగండి. ఆ బండి మిమ్మల్ని ఘాట్ వరకైనా చేర్చలేదు కనుక సగం సేవ అందిందన్న వాదన కూడా నిలవదు.

ఇక గాయం సంగతి. డబ్బు వాపసుకన్నా ఇదే బరువైనది, ఫిర్యాదులో దీనికే ఎక్కువ చోటు ఇవ్వండి. గుర్రపు బండి మోటారు వాహనం కాదు కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి మీకు లేదు. మోటారు వాహనాలకు చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా కూడా బండికి వర్తించదు. కాబట్టి నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలి. దానికి మీ చేతిలో మంచి ఆధారం ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద 1965లో చేసిన బరువు లాగే జంతువుల నియమాల ప్రకారం, జంతువు లాగే బండిలో బండి తోలేవాడు, ఆరేళ్లలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కించకూడదు. మీ బాబును మినహాయించినా మీరు ఆరుగురు.  మీ ఏడుగురినీ ఎక్కించింది నిర్వాహకుడి మనిషే కాబట్టి ఈ తప్పును ఆయన బండివాడి నెత్తిన రుద్దలేడు.

గుర్రం మెడ మీది పుండు ఫోటోను భద్రపరచండి. పుండుతో ఉన్న జంతువును పనిలో పెట్టడం 1960 నాటి ఆ క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం. మొదటిసారి నేరానికి జరిమానా ఇప్పటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలే కావడం మన శాసనకర్తలు సిగ్గుపడవలసిన విషయం. అయితే మీకు కావలసింది ఆ జరిమానా కాదు, బండి లాగడానికి తగని గుర్రాన్ని, పరిమితికి మించిన బరువుతో తోలించారన్న రుజువు. ఒకప్పుడు గుంటూరు, బెజవాడ రైల్వే స్టేషన్ల ముందు బారులు తీరిన జట్కాలను ఈ రోజు సరదా కోసం తిరిగి తెచ్చేవారు, ఆ నాటి జట్కావాలాకు గుర్రం గురించి ఉన్న తెలివిడిని కూడా తేవాలి కదా.

‘ప్రయాణం సొంత పూచీపై’ అనే వాక్యం మిమ్మల్ని భయపెట్టనక్కరలేదు. గుర్రం బెదరడం వంటి సహజమైన ప్రమాదాన్ని ప్రయాణికుడు కొంత ఒప్పుకున్నట్టు వాదించవచ్చునేమో గాని, నియమం నలుగురన్నచోట ఆరుగురిని ఎక్కించే నిర్లక్ష్యాన్ని ముందుగా ఒప్పుకున్నట్టు టికెట్టు వెనుక అచ్చుతో చేయలేరు. పైగా ఆ షరతును డబ్బు కట్టకముందు మీకు చూపించారా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒప్పందమే అన్యాయమైనదని ప్రకటించమని అడిగితే, ఆ అధికారం 2019 చట్టంలో రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చారు, జిల్లా కమిషన్‌కు కాదు. ఆ కోరికను ఫిర్యాదులో పెట్టి ఎదుటివారికి అభ్యంతరం అందించవద్దు. సేవాలోపం, అక్రమ వ్యాపార పద్ధతి అన్న రెండు కారణాల మీదనే ఫిర్యాదు నడపండి. ఆ షరతులు మీకు అడ్డం రావని వాదనలో చెబితే చాలు.

హైదరాబాద్ షరతు కూడా అంతే. ఫిర్యాదుదారు నివసించే చోట ఫిర్యాదు వేసుకునే హక్కును అదే 2019 చట్టం 34వ సెక్షను నేరుగా ఇచ్చింది; అచ్చువేసిన వాక్యం దానిని తీసివేయదు. మీరు విజయవాడకైనా వెళ్లనక్కరలేదు, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. కమిషన్ పరిధిని ఇప్పుడు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, మీరు చెల్లించిన ప్రతిఫలాన్ని, అంటే సేవకు కట్టిన ధరను బట్టి లెక్కిస్తారు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే, 5 లక్షల లోపు ప్రతిఫలానికి ఫీజు ఏమీ లేదు. మీరు కట్టింది 5,400 రూపాయలే కాబట్టి అమ్మగారి వైద్యానికి, బాధకు ఎంత న్యాయంగా అడిగినా ఫీజు పెరగదు. అలాగని కనిపించిన అంకె వేయకండి. బిల్లులకు, డాక్టరు రాతకు పొంతన లేని మొత్తం మీ మాట మీద నమ్మకాన్నే తగ్గిస్తుంది. డబ్బు మీరు కట్టినా, మీ అనుమతితో సేవ పొందినవారు కూడా వినియోగదారులే కాబట్టి అమ్మగారిని మీతోపాటు ఫిర్యాదుదారుగా చేర్చండి. న్యాయవాది లేకుండా స్వయంగా కూడా వాదించుకోవచ్చు.

ఎదుటి పక్షాలుగా నిర్వాహకుణ్ణి మొదట, బండి యజమానిని రెండవవారిగా చేర్చమని నా సలహా. బండి యజమాని లేకపోతే, ప్రమాదానికి అసలు కారకుణ్ణి వదిలేశారన్న అభ్యంతరం నిర్వాహకుడు లేవదీస్తాడు. పడవ యజమానిని చేర్చకండి. ఆయనకు డబ్బు ముట్టలేదు, ఆయన చేసిన లోపమూ లేదు, చేర్చితే విచారణ సాగదీతకే పనికివస్తుంది.

పోలీసు ఫిర్యాదు గురించి మీరు అడగలేదు గాని చెప్పవలసి ఉంది. ఎముక విరగడం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో తీవ్రమైన గాయమే. నిర్లక్ష్యంతో అటువంటి గాయం కలిగించడం 125వ సెక్షను కింద మూడేళ్ల వరకు శిక్షించదగిన నేరం. ఆ కేసులో మొదట పట్టుబడేది మాత్రం రోజు కూలికి బండి తోలేవాడు. డబ్బు రాబట్టడానికి ఒత్తిడిగా ఆ కేసు వాడుకోవడం నాకు సమ్మతం కాదు. ఆసుపత్రిలో ఆ రోజు ప్రమాదం ఎలా జరిగిందని రాశారో ఆ కాగితం నకలు మాత్రం తప్పక తీసుకోండి, ఏ కమిషన్‌లోనైనా అన్నిటికన్నా ముందు చూసేది దానినే.

ఫిర్యాదుకు ముందు నోటీసు ఇవ్వడాన్ని చట్టం తప్పనిసరి చేయలేదు. అయినా పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. రెండు రోజుల ముందే పడవలు ఆగినట్టు అందులో స్పష్టంగా రాసి, దానికి ఆయన ఏమని జవాబిస్తాడో చూడండి. ఫోన్‌పే రసీదు, టికెట్టు రెండు వైపుల ఫోటో, వాట్సాప్ సంభాషణ, ఆ వారం పత్రికల్లో వచ్చిన బ్యారేజీ ప్రవాహం వార్తలు జతచేయండి. ఫోనులోని ఫోటోలు, సందేశాల ముద్రిత ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి, ఫోటో తీసిన ఫోను మార్చివేయకండి. ఘాట్ దగ్గర మీ తమ్ముడితో మాట్లాడినవారి వివరాలు అడిగి ఉంచుకుని, తమ్ముడి చేత అఫిడవిట్ దాఖలు చేయించండి.

మొదటి విచారణలో కమిషన్ మధ్యవర్తిత్వం సూచించే అవకాశం ఉంది. వైద్య ఖర్చు, టికెట్ల సొమ్ము పూర్తిగా ఇస్తానంటే ఒప్పుకోవడం తెలివైన పని. నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా, ఆచరణలో అంతకు మించి పట్టడం మామూలే. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. అమ్మగారికి ఇంకా ఫిజియోథెరపీ జరుగుతూ ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. ఇప్పటివరకు అయిన బిల్లులతో ఫిర్యాదు వేసి, తరువాతి బిల్లులను అదనపు పత్రాలుగా దాఖలు చేయడానికి కమిషన్ అనుమతి కోరవచ్చు.