శుభలేఖలో నావికాదళమా, నౌకాయాన శాఖా?

సందేహం: మా అబ్బాయి మర్చెంట్ నేవీలో సెకండ్ ఆఫీసరు. పెళ్లి శుభలేఖలో తెలుగు వైపు ‘భారత నావికాదళంలో అధికారి’ అని రాసి ప్రెస్సుకిచ్చాం. మా మరిది అది తప్పంటాడు, ‘కేంద్ర నౌకాయాన శాఖలో అధికారి’ అని వేయమంటాడు. అసలు ఆ పేరే లేదు, ‘ఓడరేవుల శాఖ’ అనాలని మా వియ్యంకుడుగారు. ఆయన ఇక్కడి పోర్టు ట్రస్టులోనే చేసి రిటైరయ్యారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, రాయపురం, చెన్నై

సమాధానం: అచ్చు ఇంకా పడలేదు కదా, నయం. మూడూ కుదరవు.

నావికాదళమంటే యుద్ధనౌకల సేన. అది రక్షణ శాఖ కింద ఉంటుంది. మీ అబ్బాయి ఉండేది సరుకు ఓడ మీద. మర్చెంట్ నేవీలో ‘నేవీ’ అని ఉండబట్టి వచ్చిన చిక్కిది. మీ మరిదిగారి మాటలో కొంత నిజముంది. సరుకు ఓడల సంగతి చూసే షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ముంబయిలో ఉంది, అది ఆయన చెప్పిన శాఖ కిందిదే. మీవాడి పరీక్షలు, సర్టిఫికెట్లు, సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం) అన్నిటికీ నిబంధనలు అక్కడివే. అయితే జీతమిచ్చేది ఓడ కంపెనీ. ఆర్టీఓ లైసెన్సు ఇచ్చాడని లారీ డ్రైవరు రవాణా శాఖ ఉద్యోగి అయిపోడు కదా!

ఇక శాఖ పేరు. 2009లో రోడ్డు రవాణా నుంచి విడిపోయాక అది షిప్పింగ్ శాఖ. 2020 నవంబరులో పేరు పెంచి ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల మంత్రిత్వ శాఖ అన్నారు. ఇంత పొడుగు పేరు హెడ్డింగులో పట్టదు. ఆ రోజు వార్త రేవు గురించైతే ఓడరేవుల శాఖ అనీ, ఓడల గురించైతే నౌకాయాన శాఖ అనీ విలేకరులు తుంచేస్తారు. మీ మరిదిగారు, వియ్యంకుడుగారు చెరో ముక్కా పట్టుకున్నారన్నమాట.

‘నావికాదళం’ అన్న మాట గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. సంస్కృతంలో నౌకా దీర్ఘాంతం. తెలుగులో ఒంటరిగా వస్తే ‘నౌక’ అని పొట్టిదవుతుంది, సమాసంలో ముందు నిలిస్తే పాత దీర్ఘం తిరిగొస్తుంది. గంగ, గంగాజలం, భాష, భాషాశాస్త్రం, అలాగే నౌకాదళం, నౌకాయానం. నావికుడి సంగతి వేరు. ‘నావిక’ అకారాంత పుంలింగం, కాబట్టి సైనికదళం లాగే నావికదళం కావాలి. పక్కనున్న నౌకాదళాన్ని చూసి దీనికీ దీర్ఘం అంటుకుంది. పత్రికల్లో స్థిరపడిపోయిన మాట, ఇప్పుడు దాన్ని తప్పని కొట్టేయను. నేను మాత్రం నౌకాదళమనే రాస్తాను.

మీరు చెన్నైలో ఉన్నారు గనక ఇంకో ముచ్చట. తమిళంలో ‘తుఱై’ అంటే రేవు, ప్రభుత్వ శాఖ కూడా తుఱైయే. ఓడరేవేమో తుఱైముగం. మన ‘రేవు’కు ఆ రెండో అర్థం అబ్బలేదు, ప్రభుత్వ విభాగానికి మనం చెట్టుకొమ్మ పేరు ‘శాఖ’ తెచ్చి పెట్టుకున్నాం. వాళ్ల ‘ఓడం’ చిన్న పడవ, మన ‘ఓడ’ పెద్దది. వాళ్ల పెద్దది ‘కప్పల్’. అదీ మనకు కొత్త కాదు. హరవిలాసంలో అవచి తిప్పయ్యసెట్టి సముద్ర వ్యాపారాన్ని వర్ణిస్తూ శ్రీనాథుడు కప్పలి, జోంగు అంటూ ఓడల రకాలను వరస పెట్టి చెప్పాడు. తర్వాత కప్పలి మన నోటి నుంచి జారిపోయింది, తమిళుల నోట నిలిచింది.

వియ్యంకుడుగారి పేరు కింద ఆయన ఉద్యోగం వేయాలంటే, ఆయన రిటైరైన సంవత్సరం చూడండి. 1905లో ఏర్పడిన ఆ ట్రస్టు, 2021 నాటి మేజర్ పోర్టుల చట్టం అమల్లోకొచ్చాక చెన్నై పోర్టు అథారిటీ అయింది. అంతకుముందే దిగిపోయుంటే పోర్టు ట్రస్టు అనే వేయించండి, అదే నిజం.

అబ్బాయి పేరు కింద ‘వాణిజ్య నౌకలో సెకండ్ ఆఫీసరు’ అని ఉంటే చాలు. ‘ద్వితీయాధికారి’ వద్దు, చదివినవాళ్లు మొదటి అధికారి ఎవరని అడుగుతారు. తమిళం వైపు వాణిజ్య నౌకకు ‘వణిగక్ కప్పల్’ అని వేయమనండి, ప్రెస్సువాళ్లకు అర్థమవుతుంది.