ఈ నెలలో మీకు దొరికిన కొత్త ఇండీ, పాప్ పాటల్లో బాగా నచ్చినవి ఏవి?

ఇండీ అంటే సినిమా కోసం కాకుండా సొంతంగా చేసిన పాట. కొత్త పాట అంటే నా లెక్కలో నాకు కొత్తది. మొన్న శుక్రవారం వచ్చిందా, రెండేళ్ళ కిందట వచ్చిందా అన్నది నాకు అనవసరం. ముందే చెప్పకపోతే "అన్నా, ఇది పాతదే కదా" అని ఎవరో ఒకరు తగులుకుంటారు.

జనవరిలో నాకు మంచి పాటలు దొరుకుతాయి, ఎందుకంటే ప్రయాణాలుంటాయి, పక్కన మనుషులుంటారు. ఒంటరిగా వింటే నా ఫోన్‌లో ఉన్న యాప్ కొత్తది ఒక్కటీ ఇవ్వదు. ఇతనికి ఇళయరాజా, కీరవాణి చాలని అది ఎప్పుడో తేల్చేసింది. పొరపాటున ఒక కొత్త పాట పెట్టానా, అదే పాటని నెమ్మది చేసి, గొంతు సాగదీసి, పైన వాన చప్పుడు పోసి మళ్ళీ వినిపిస్తుంది. ఆ పని చేసేవాళ్ళకి జరిమానా వేయాలని నా గట్టి అభిప్రాయం.

భోగికి ముందురోజు హైదరాబాద్ నుంచి తెనాలి బయల్దేరాం. నేను, మా అక్క కూతురు, ఒక క్యాబ్. డ్రైవర్‌ది సూర్యాపేట దగ్గర పల్లె. ఆ రోజుల్లో విజయవాడ హైవే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చౌటుప్పల్ దాటి పంతంగి టోల్ దగ్గరికి వచ్చేసరికి బండ్లు బంకలా అంటుకుపోయాయి. పాటల పెత్తనం మా అమ్మాయి చేతిలో ఉంది. నెలంతా తను దాచుకున్నవన్నీ వరసగా వదిలింది.

మొదట అనువ్ జైన్ 'జో తుమ్ మేరే హో'. 2024లో వచ్చిందట. పాట బాగుంది, కాదనను. కానీ ఈ హిందీ ఇండీ కుర్రాళ్ళందరూ పక్కింటివాళ్ళు నిద్రలేస్తారేమో అన్నట్టు ఎందుకు పాడతారో నాకర్థం కాదు. "మావయ్యా, అదే ఫీల్" అంది. సరే అన్నాను.

తర్వాత లేవే 'ఫ్రమ్ ద స్టార్ట్'. ఐస్‌లాండ్‌లో పుట్టిన అమ్మాయి, తల్లి చైనీయురాలు, చెల్లో అనే తీగవాద్యం వాయిస్తుంది. ఈ పాట ఉన్న ఆల్బమ్‌కి 2024లో గ్రామీ వచ్చింది. వినగానే మా నాన్న తరం సినిమాల్లో క్లబ్బు పాటలు గుర్తొచ్చాయి. బోసా నోవా అంటారట ఆ నడకని. మా అమ్మాయికి అది కొత్త, నాకు పాత. ఇద్దరికీ నచ్చింది. ఈ నెలలో ఎక్కువసార్లు విన్న ఇంగ్లీషు పాట ఇదే.

తర్వాత హనుమాన్‌కైండ్ ర్యాప్ పాట 'బిగ్ డాగ్స్'. అమెరికాలో టాప్ వంద పాటల పట్టీ బిల్‌బోర్డ్ హాట్ 100 దాకా ఎక్కిన పాట అని తెలుసుగానీ, అప్పటిదాకా మొత్తం వినలేదు, చూడలేదు. కారు ఎలాగూ కదలడం లేదు కాబట్టి వీడియో చూశాం. మౌత్ కా కువాలో, అంటే మరణబావిలో, గోడల మీద కార్లు, బైకులు తిరుగుతుంటే మధ్యలో నిలబడి పాడతాడు. నుమాయిష్‌లో చిన్నప్పుడు పైనుంచి తొంగిచూసిన బావి అది. మనకి ఊరూరా ఎగ్జిబిషన్లలో ఉన్నదాన్ని ఒక మలయాళీ ప్రపంచానికి చూపించాడు, మనం టికెట్ కొని చూసి ఇంటికొచ్చేశాం.

సాయి అభ్యంకర్ తమిళ పాట 'కచ్చి సేర' మొదలైంది. గాయకులు టిప్పు, హరిణిల కొడుకు అతను. అది అవగానే డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ, "సార్, ఏమనుకోకుంటే నాదొక్క పాట పెడ్తా" అన్నాడు.

పెట్టాడు. డప్పు, వెంటనే ఒక ఆడగొంతు. సూర్యాపేట దగ్గర జరిగే పెద్దగట్టు జాతరకి వస్తానని మాటిచ్చి ఎందుకు రాలేదని మరదలు బావని నిలదీస్తోంది. రెండేళ్ళకోసారి వచ్చే జాతర కదా, అందుకని మళ్ళీ రెండేళ్ళు ఆగాలా అని ఆ పిల్ల గొడవ. ఆ గొంతులో సాధన తక్కువ, కోపం ఎక్కువ. నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కడో శృతి జారినట్టు కూడా ఉంది, దాన్ని సరిచేయనందుకు వాళ్ళకి దండం పెట్టాలి.

"ఎవరు పాడారు?" అన్నాను.

"మా పక్కూరి పిల్ల సార్. మా దోస్తులే తీసిన్రు. మా పత్తి చేన్లనే షూటింగ్ అయింది, అన్నాలు మా ఇంట్లనే."

మా అమ్మాయి ముందుకి వంగి, "ఏ లేబుల్ అన్నా?" అని అడిగింది.

"లేబులేంది మేడమ్, యూట్యూబ్ ఛానలే!"

ఈ ప్రశ్నకి నా అసలు జవాబు అక్కడే ఉంది. తెలుగులో స్వతంత్ర సంగీతం లేదని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు వ్యాసం రాస్తారు. వాళ్ళు వెతికేది హైదరాబాద్ కేఫుల్లో గిటార్ పట్టుకున్న కుర్రాడి కోసం. ఆ కుర్రాడూ ఉన్నాడు. చౌరస్తా బ్యాండ్‌లో 'ఊరెళ్ళిపోతా మామా' పాడిన రామ్ మిరియాల అలాగే వచ్చాడు. ఆ పాట అప్పుడు ఎంతమంది విన్నారోగానీ, 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాకే మా చుట్టాలకి అతను తెలిశాడు. సాయి అభ్యంకర్‌నీ చివరికి సినిమాయే తీసుకుపోయింది. వాళ్ళని తప్పుపట్టను, బతకాలి కదా. అంతకుముందు స్మిత మన పాప్‌కి ఒక ముఖం ఇచ్చింది, కానీ ఆమె గొంతులో జనం ఎగబడి విన్న 'మసక మసక' కూడా 1973 నాటి సినిమా పాటే.

సినిమాని అడక్కుండా పాట కట్టి, తీసి, జనంలోకి వదిలేది మాత్రం ఈ ఫోక్ ఛానళ్ళవాళ్ళే. బతుకమ్మకి ఒకటి, సంక్రాంతికి ఒకటి, జాతరకి ఒకటి. మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' చూడండి. హీరో లేడు, ఆడియో ఫంక్షన్ లేదు. 2021లో మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి డాన్స్ చేసింది, ఇక ఊరూరా అదే. ఏ ప్రచారం ఖర్చుతో వస్తుంది అది?

ఇందులో చెత్త లేదా అంటే బోలెడుంది. సగం పాటల్లో అదే బావ, అదే మరదలు, అదే ఫ్లూటు ముక్క, చివర్లో తప్పనిసరిగా డ్రోన్ షాట్. గొంతుల మీద శృతి సరిచేసే ఆటోట్యూన్ మరీ ఎక్కువైంది. శీర్షికలు మూడు లైన్లు, అందులో ఎక్కడో పాట పేరు. కానీ ఒక్క విషయంలో మెచ్చుకుంటాను. కింద వివరాల్లో రాసినవాడి పేరు, పాడినవాళ్ళ పేర్లు, డ్రోన్ ఎగరేసినవాడి పేరు కూడా ఉంటాయి. నేను నెలనెలా డబ్బు కట్టే యాప్‌లో పాట రాసినవాళ్ళ పేరు కోసం మూడు చోట్ల నొక్కాలి.

అలాగని సినిమా బయట డబ్బులుంటాయనీ కాదు. తమిళంలో సినిమాతో పనిలేకుండా వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' 2021లో దేశమంతా మోగింది. మూడేళ్ళ తర్వాత దాని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ వీడియో పెట్టి, ఆ పాట మీద తమకి ఇప్పటిదాకా ఏమీ రాలేదన్నాడు. అంత పేరున్నవాళ్ళకే అలా ఉంటే, పత్తి చేలో తీసినవాళ్ళ సంగతి ఊహించుకోండి. మా డ్రైవర్ ఆ పాటని ఎక్కించుకున్న ప్రతి బండిలో, ఎక్కిన ప్రతివాళ్ళకీ వినిపిస్తాడట. వాళ్ళకున్న పంపిణీ ఏర్పాటు అది.

సూర్యాపేట దాటేదాకా అతనే పెట్టాడు పాటలు. మా అమ్మాయి వరసగా లింకులు తీసుకుంది. టీ దగ్గర ఆగినప్పుడు లేవే పాట మళ్ళీ పెట్టమని అతనే అడిగాడు. "ఆ చెల్లె మంచిగ పాడుతది" అన్నాడు.

కాబట్టి ప్రశ్నకి సూటి జవాబు: ఇంగ్లీషులో 'ఫ్రమ్ ద స్టార్ట్', తమిళంలో 'కచ్చి సేర', తెలుగులో పెద్దగట్టు మరదలు. 'బిగ్ డాగ్స్' వీడియోతో అయితేనే. మీ జిల్లాల్లో ఇలాంటివి ఉంటే, ముఖ్యంగా ఉత్తరాంధ్ర, సీమ వైపు నుంచి, లింకులు ఇవ్వండి. డీజే రీమిక్స్ లింకు ఇచ్చినవాళ్ళతో మాత్రం నేను మాట్లాడను.