ఆఫీసు ఏసీ ఒకవైపు వణికిస్తూ ఇంకోవైపు ఉక్కపోయిస్తుందెందుకు?

మీ ప్రశ్న ఇది: "మా ఆఫీసులో సెంట్రల్ ఏసీ. హాల్లో కూర్చునేవాళ్ళు శాలువాలు కప్పుకుంటున్నారు, అదే ఫ్లోర్‌లో మీటింగ్ రూంలో చెమటలు పడుతున్నాయి. ఏసీ కెపాసిటీ చాలట్లేదా? థర్మోస్టాట్ 18కి తగ్గిస్తే త్వరగా చల్లబడుతుందా?"

కెపాసిటీకీ దీనికీ సంబంధం లేదు. 16 ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఆఫీసు బిల్డింగుల చిల్లర్ ప్లాంటుల్లో పనిచేస్తున్నాను. కింద బేస్‌మెంట్‌లో నీళ్ళని చల్లబరిచే చిల్లర్లు, పైన డాబా మీద ఆ వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్లు, మధ్యలో ఫ్లోర్‌కో ఏహెచ్‌యూ రూం. ఏహెచ్‌యూ అంటే ఆ చల్లటి నీళ్ళతో గాలిని చల్లబరిచి ఫ్లోరంతా పంపే మిషన్. వీటి మధ్య తిరుగుతూ నేను చూసిన వేడి కంప్లైంట్లలో చిల్లర్ తప్పు ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చల్లగాలి పంపడం గురించి అందరూ ఆలోచిస్తారు. ఆ గాలి తిరిగి రావడానికి దారి ఉందా అని ఎవరూ చూడరు. గొడవంతా అక్కడే.

నాలుగేళ్ళ కిందటి మాట చెప్తాను. మే నెల, హైటెక్ సిటీలో ఒక బిల్డింగ్. ఐదో ఫ్లోర్ నుంచి రోజూ మధ్యాహ్నం మూడింటికి ఫోన్, కాన్ఫరెన్స్ రూంలో కూర్చోలేకపోతున్నాం అని. ఫోన్ వచ్చినప్పుడల్లా మా షిఫ్ట్ వాళ్ళు ఏహెచ్‌యూ సెట్ పాయింట్ ఒక్కో డిగ్రీ తగ్గించుకుంటూ పోయారు. 24 నుంచి 23, 22, చివరికి 20. ఆ రూం మాత్రం చల్లబడలేదు, బయట హాల్లో కూర్చునే పిల్లలు స్వెటర్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకే ఫ్లోర్ నుంచి వేడి అని ఒక టికెట్, చలి అని ఒక టికెట్, రెండూ ఒకే గంటలో! నేను ఊరి నుంచి లీవు అయిపోయి వచ్చేసరికి ఆ రూంకి విడిగా 2 టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టాలని కొటేషన్ కూడా తెప్పించేశారు.

ముందు లాగ్‌బుక్ తిరగేశాను. చిల్లర్ నుంచి నీళ్ళు 7 డిగ్రీల దగ్గర వెళ్తున్నాయి, 12 దగ్గర తిరిగొస్తున్నాయి. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఏహెచ్‌యూ ఫిల్టర్లు కడిగి వారం కాలేదు, బెల్ట్ బిగువుగానే ఉంది, చల్లటి నీళ్ళు తిరిగే కాయిల్ శుభ్రంగా ఉంది. "అన్నా, మిషన్లన్నీ మంచిగనే ఉన్నయ్ కదా, మరి ఆ రూం ఎందుకు సల్లబడ్తలేదు?" అన్నాడు మా హెల్పర్. సరే పద, రూంలోనే చూద్దాం అన్నాను.

14 కుర్చీల రూం అది. మీటర్ పెడితే 28.5 చూపించింది. సీలింగ్‌లో చల్లగాలి వచ్చే జాలీ, అదే డిఫ్యూజర్, దాని కింద చెయ్యి పెడితే గాలి తగిలీ తగలనట్టుంది. టేబుల్ మీద ఉన్న డబ్బాలోంచి ఒక టిష్యూ లాగి డిఫ్యూజర్ దగ్గర పట్టుకున్నాను. కదల్లేదు. అప్పుడే అడ్మిన్ మేడమ్ లోపలికి చూద్దామని తలుపు తీశారు. టిష్యూ రెపరెపలాడింది. ఆమె తలుపు వదిలేశారు, అది దానంతటదే మూసుకుంది, టిష్యూ మళ్ళీ వేలాడిపోయింది. "మేడమ్, ఒక్కసారి మళ్ళీ తలుపు తీయండి" అన్నాను. తీశారు. మళ్ళీ రెపరెపలు. ఆమెకీ విషయం సగం అర్థమైపోయింది.

నిచ్చెన తెప్పించి ఫాల్స్ సీలింగ్ టైల్ ఒకటి పైకెత్తి టార్చ్ వేశాను. ఆ బిల్డింగ్‌లో రిటర్న్‌కి, అంటే గాలి తిరిగి వెళ్ళడానికి, వేరే డక్ట్ లేదు. ఫాల్స్ సీలింగ్‌కీ స్లాబ్‌కీ మధ్య ఉన్న ఖాళీ గుండానే గాలంతా ఏహెచ్‌యూ రూంకి తిరిగి వెళ్ళాలి. అలాంటి చోట ఈ రూం గోడని స్లాబ్ దాకా లేపేశారు. కొత్త జిప్సం బోర్డు, స్క్రూల మీద పుట్టీ ఇంకా తెల్లగా మెరుస్తోంది, సందులన్నీ ఫోమ్ కొట్టి మూసేశారు. లోపల మాట్లాడేది పక్క క్యాబిన్‌కి వినిపిస్తోందని రెండు నెలల కింద శని, ఆదివారాల్లో ఇంటీరియర్ వాళ్ళతో ఆ పని చేయించారట. తలుపుకి కూడా చుట్టూ రబ్బరు పట్టీ వేశారు. సీలింగ్‌లో రిటర్న్ జాలీ ఉంది, ఆ జాలీ పైన మాత్రం దారి లేదు. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే పడతాయా? ఆ రూం పరిస్థితీ అంతే.

హాల్లో వాళ్ళు ఎందుకు వణికారో కూడా ఇక్కడే ఉంది. ఏహెచ్‌యూ సెన్సర్ ఉండేది రిటర్న్ గాలిలో. కాన్ఫరెన్స్ రూం గాలి అక్కడిదాకా వస్తేనే కదా దానికి ఆ రూం వేడి తెలిసేది? దానికి తెలిసింది హాలు ఒక్కటే. మనం 20 అడిగాం, అది హాలుని 20కి తెచ్చింది. మిషన్ చెప్పిన పని సక్రమంగా చేసింది.

తర్వాత ఫాల్స్ సీలింగ్ పైన ఆ గోడకి కంత కొట్టించి, లోపల ఇన్సులేషన్ వేసిన చిన్న డక్ట్ ఒకటి రెండు వంపులు తిప్పి బిగించాం. గాలి వంపులు తిరిగి పోతుంది, మాటలు ఆ ఇన్సులేషన్‌లోనే ఆగిపోతాయి. సెట్ పాయింట్ మళ్ళీ 24కి తెచ్చాం. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి రూంలో 24.5. స్ప్లిట్ ఏసీ కొటేషన్ పక్కన పెట్టేశారు.

నాకు ఇంటీరియర్ వాళ్ళ మీద నిజంగానే కోపం. గోడ లేపే ముందు ప్లాంట్‌లో ఉన్న ఒక్క మనిషినైనా అడగాలి కదా. గాజు క్యాబిన్లు కట్టేస్తారు, థర్మోస్టాట్ పక్కనే పెద్ద ప్రింటర్ పెట్టేస్తారు, రిటర్న్ జాలీకి అడ్డంగా బీరువా నిలబెడతారు. తర్వాత తిట్లు ఏసీ వాళ్ళకి.

ఇక 18 సంగతి. రూం 28 ఉండి మీరు 24 పెట్టినప్పుడే కాయిల్‌కి నీళ్ళు వదిలే వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుంది. 18 పెడితే ఇంకా ఎక్కువ తెరుచుకోవడానికి ఏమీ మిగల్లేదు. నీళ్ళు అవే, గాలి అదే. కాస్త కూడా ముందు చల్లబడదు, 24 దాటాక కూడా ఆగకుండా చల్లబరుస్తూ పోతుంది, అంతే. ఇళ్ళలో ఏసీలకీ దాదాపు ఇదే వర్తిస్తుంది. స్టార్ లేబుల్ ఉన్న రూం ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి రూలే ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు.

ఆ చలి ఊరికే రాదు. కూలింగ్ టవర్ చేసేది ఎండాకాలం మన రంజన్ కుండ చేసే పనే. కొంత నీరు ఆవిరైపోతూ మిగతా నీటిని చల్లబరుస్తుంది. 300 టన్నుల చిల్లర్ ఫుల్ లోడ్‌లో నడిస్తే గంటకి దాదాపు 2000 లీటర్లు అలా గాలిలో కలిసిపోతాయి. మే నెలలో ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? ట్యాంకర్ల నుంచి. అవి ఎక్కువగా బోరు నీళ్ళు, సున్నం లాంటి లవణాలు విపరీతం. ఆ లవణాల్ని తీసేసే సాఫ్ట్‌నర్‌కి ఖర్చని ఉప్పు వేయడం మానేస్తే, చిల్లర్‌లో టవర్ నీళ్ళు తిరిగే కండెన్సర్ ట్యూబుల్లో సున్నం పొరలా పేరుకుంటుంది. ఒకసారి ట్యూబ్ లోపల వేలు పెట్టి గీరితే గోడ సున్నం ఊడినట్టు పెచ్చులు ఊడొచ్చాయి. ఆ పొర ఉన్నన్నాళ్ళూ చిల్లర్ అదే చలికి ఎక్కువ కరెంటు లాగుతుంది. మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎవరు తక్కువకి కోట్ చేస్తే వాళ్ళకే ఇస్తారు, ఆ మిగిలిన డబ్బు కరెంటు బిల్లులో పోతుంది.

ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. బిల్లు తగ్గించడానికి చాలాచోట్ల బయటి గాలిని లోపలికి వదిలే ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్ మూసేస్తారు. బయటి వేడి గాలిని చల్లబరచక్కర్లేదు కదా అని. మనిషి ఊరికే కూర్చున్నా 100 వాట్లకి పైగా వేడి వదులుతాడు, కార్బన్ డయాక్సైడ్ సరేసరి. బయట గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) చుట్టూ ఉంటుంది. మూసిన మీటింగ్ రూంలో, జనం నిండా ఉన్నప్పుడు, నా మీటర్‌లో 1800 చూశాను. భోజనం తర్వాత మీటింగుల్లో నిద్ర వస్తే అన్నాన్ని తిట్టుకుంటారు. ఆ డ్యాంపర్ తెరిచి ఉందో లేదో అడగండి.

మీ రూం సంగతికొస్తే, రేపు మధ్యాహ్నం ఒక టిష్యూ తీసుకెళ్ళండి. తలుపు మూసి డిఫ్యూజర్ దగ్గర పట్టుకోండి, తర్వాత ఎవరినైనా తలుపు తీయమనండి. తేడా కనిపిస్తే హెల్ప్‌డెస్క్‌కి "వేడిగా ఉంది" అని మాత్రం రాయకండి. "తలుపు తీస్తే గాలి వస్తోంది, మూస్తే రావట్లేదు, ఫాల్స్ సీలింగ్ పైన రిటర్న్ దారి చూడండి" అని రాయండి. ఆ ముక్క చదివితే ప్లాంట్‌లో ఉన్న మావాళ్ళు నిచ్చెన పట్టుకునే వస్తారు.