ఒకే తేదీన పుట్టిన సంగీతకారులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కిశోర్ కుమార్, అమెరికా జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే తేదీన పుట్టారని ఒకచోట చదివాను. ఇంకోచోట ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ కీరవాణి గారికీ పుట్టినరోజు ఒకటేనని ఉంది. ఏది సరైనది?

కిశోర్ కుమార్‌తో కలపడమే సరైనది. ఆయన 1929 ఆగస్టు 4న ఖండ్వాలో పుట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1901 ఆగస్టు 4న న్యూ ఓర్లీన్స్‌లో పుట్టారు. అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ బతికున్నంతకాలం తన పుట్టినరోజు 1900 జులై 4 అనే చెప్పుకున్నారు. అది అమెరికా స్వాతంత్ర్య దినం. ఆయన 1971లో పోయారు. 1980లలో ఆ ఊరి చర్చిలోని బాప్టిజం రిజిస్టరు వెలుగులోకి వచ్చాక గానీ అసలు తేదీ తేలలేదు. అందుకే అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లో, రికార్డు అట్టల మీద జులై 4 కనిపిస్తుంది. కీరవాణి గారు పుట్టింది 1961 జులై 4. పాత పుస్తకం ముందు పెట్టుకుని జాబితా రాసినవారికి ఆ జోడీ అలా కుదిరింది.

కళాకారుడు పెద్దయ్యాక చెప్పిన తేదీ, పుట్టిన కొత్తలో ఎవరో కాగితం మీద పెట్టిన తేదీ వేరువేరుగా ఉంటే రెండోదాన్నే ముందు నమ్మాలి. మొదటిదాన్ని కొట్టిపారేయకుండా పక్కన రాసుకోండి. పాత పుస్తకాల్లో అదే ఉంటుంది కాబట్టి ఎవరైనా అడిగినప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: జర్మన్ స్వరకర్త బాఖ్, షెహనాయ్ విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ ఇద్దరూ మార్చి 21నే పుట్టారు కదా. మా క్విజ్‌లో ఈ ప్రశ్న పెడితే ఒకరు తప్పన్నారు. ఎందుకు?

అన్నవారిదే సరి. బిస్మిల్లా ఖాన్ 1916 మార్చి 21 ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరు తేదీ. బాఖ్ 1685 మార్చి 21 మాత్రం ఆయన పుట్టిన ఐసెనాఖ్‌లో అప్పుడు నడుస్తున్న జూలియన్ అనే పాత క్యాలెండరు తేదీ. దాన్ని ఇప్పటి లెక్కలోకి మారిస్తే మార్చి 31 అవుతుంది. లోకమంతా మార్చి 21నే బాఖ్‌ను తలుచుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఇద్దర్నీ జోడీ కట్టాలంటే రెండు తేదీలూ ఒకే క్యాలెండరులో ఉండాలి.

మార్చే పద్ధతి చెబుతాం. ముందు ఆ దేశం క్యాలెండరు ఎప్పుడు మార్చుకుందో చూడాలి. ఇటలీలో 1582లోనే మారింది కాబట్టి ఆ దేశపు స్వరకర్తలు రొస్సీనీ, వెర్డి తేదీలను ముట్టుకోనక్కర్లేదు. జర్మనీలోని ప్రొటెస్టెంట్ రాజ్యాల్లో 1700 ఫిబ్రవరి 18 మర్నాడు మార్చి 1 వచ్చింది. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరు 2 తర్వాత 14. రష్యాలో 1918 జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14. మనిషి ఆ మార్పుకు ముందు పుట్టి, తేదీ పాత లెక్కలో ఉంటే 17వ శతాబ్దం వారికి 10 రోజులు, 18వ శతాబ్దం వారికి 11, 19వ శతాబ్దం వారికి 12, 20వ శతాబ్దం వారికి 13 కలపాలి. ఈ అంకె మారేది జనవరి 1న కాదు, 1700, 1800, 1900 సంవత్సరాల ఫిబ్రవరి చివర. జూలియన్ లెక్కలో ఆ ఏళ్లకు ఫిబ్రవరి 29 ఉంది, గ్రెగోరియన్‌లో లేదు. ఆ ఒక్క రోజే తేడాను పెంచుతుంది.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, పుట్టిన శతాబ్దపు అంకెకు బదులు తర్వాతి శతాబ్దపు అంకె కలపడం. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ పాత లెక్కలో 1882 జూన్ 5న పుట్టాడు. 12 కలిపితే జూన్ 17. 1900 దాటాక తేడా 13 రోజులైంది కాబట్టి ఆయనే జూన్ 18న పుట్టినరోజు చేసుకునేవాడు. దాన్ని పట్టుకుని 1942 జూన్ 18న పుట్టిన పాల్ మెకార్ట్‌నీ పక్కన ఆయన్ని నిలబెట్టినవారున్నారు. ఆ జోడీ నిలవదు.

రెండోది, మార్చిన తేదీనే మళ్లీ మార్చడం. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1840 మే 7 అంటే అప్పటికే కొత్త లెక్క. పాతది ఏప్రిల్ 25. మే 7కి ఇంకో 12 కలిపి మే 19 చేసేస్తే పని చెడుతుంది. ఒకే మనిషికి రెండుచోట్ల రెండు తేదీలు కనిపించి, వాటి మధ్య తేడా సరిగ్గా 10, 11, 12 లేదా 13 రోజులుంటే అక్కడ వివాదమేమీ లేదని, క్యాలెండరే మారిందని దాదాపుగా చెప్పేయవచ్చు.

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ 1833 మే 7న హాంబుర్గ్‌లో పుట్టాడు. ఆయనకూ చైకోవ్‌స్కీకీ ఉన్న జోడీ గట్టిది. హాంబుర్గ్‌లో మే 7 అయిన రోజునే రష్యాలో ఏప్రిల్ 25 అనేవారు, రోజు మాత్రం ఒక్కటే. ఇద్దరూ 1888 కొత్త సంవత్సరం నాడు లైప్‌జిగ్‌లో కలుసుకున్నారు కూడా. ఇంకో మంచి జోడీ రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్, ఎ.ఆర్. రెహమాన్. స్క్రియాబిన్‌ది పాత లెక్కలో 1871 డిసెంబరు 25, కొత్త లెక్కలో 1872 జనవరి 6. ఇక్కడ ఏడాది కూడా మారిందని గమనించండి. రెహమాన్ 1967 జనవరి 6.

ప్రశ్న: బీథోవెన్ పుట్టినరోజు డిసెంబరు 16 అని కొందరు, 17 అని కొందరు రాస్తారు. వెర్డి విషయంలోనూ అంతే. ఇలాంటివారిని జాబితాలో ఎలా చేర్చాలి?

పాత యూరప్‌లో చాలామందికి జనన ధ్రువపత్రం ఉండదు, బాప్టిజం నమోదే దిక్కు. బీథోవెన్‌కు బాన్‌లో 1770 డిసెంబరు 17న బాప్టిజం ఇచ్చారు. బిడ్డ పుట్టిన మర్నాడే ఇవ్వడం అక్కడి వాడుక కాబట్టి 16న పుట్టి ఉంటాడని అనుకుంటారు. అంటే 17 రికార్డు, 16 ఊహ. 1882 డిసెంబరు 16న పుట్టిన హంగేరీ స్వరకర్త కొడాయ్‌తో ఆయన్ని కలిపేటప్పుడు ‘బహుశా’ అన్న మాట రాసి తీరాలి.

వెర్డిది ఇంకా ఆసక్తికరం. 1813 అక్టోబరు 11న రాసిన రిజిస్టరులో బిడ్డ ‘నిన్న పుట్టాడు’ అని ఉంది. అప్పట్లో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని లెక్కించడం మామూలే కాబట్టి ఆ ‘నిన్న’ 9వ తేదీ సాయంత్రమూ కావచ్చు, 10 కూడా కావచ్చు. తల్లి మాట ప్రకారం వెర్డి ఎప్పుడూ 9నే జరుపుకున్నాడు. 9 అనుకుంటే 1835లో పుట్టిన సాన్‌సాన్స్, 1940లో పుట్టిన జాన్ లెనన్, 1975లో పుట్టిన ఆయన కొడుకు షాన్, అందరూ అదే తేదీవారు. 10 అనుకుంటే ఆ సావాసం మొత్తం పోతుంది.

రికార్డును ఎంతవరకు నమ్మాలన్నది పుట్టుకకూ రాతకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నదాన్ని బట్టి ఉంటుంది. బీథోవెన్‌కు అది ఒక రోజు. షోపెన్‌కు మాత్రం బాప్టిజం 1810 ఏప్రిల్ 23న జరిగింది. అందులో పుట్టిన తేదీ ఫిబ్రవరి 22 అని ఉంది, కుటుంబమూ ఆయనా మార్చి 1 అనేవారు. రెండు నెలల తర్వాత రాసిన కాగితం కన్నా ఇంటివాళ్ల మాటే నయమని మా అభిప్రాయం. హేడెన్‌ను 1732 మార్చి 31 కింద వేస్తారు, బాప్టిజం ఏప్రిల్ 1. కాబట్టి మార్చిన తేదీతో బాఖ్‌ను ఆయన పక్కన చేర్చాలనుకున్నా ‘బహుశా’ తప్పదు.

ప్రశ్న: ఇళయరాజా గారిది జూన్ 2నా, 3నా?

పుట్టింది 1943 జూన్ 3న, జరుపుకునేది జూన్ 2న. జూన్ 3 కరుణానిధి పుట్టినరోజు. ఆ రోజు ఆయనకే ఉండాలని ఒక రోజు ముందుకు జరుపుకున్నారు. ‘ఇసైజ్ఞాని’ బిరుదు ఇచ్చింది కరుణానిధే. జోడీ కట్టేటప్పుడు జూన్ 3 కింద వేస్తే 1942లో పుట్టిన కర్టిస్ మేఫీల్డ్ తోడు. జరుపుకునే తేదీ లెక్కన జూన్ 2 కింద వేస్తే 1857లో పుట్టిన ఎల్గార్, 1941లో పుట్టిన రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్. ఏ లెక్క తీసుకున్నారో రాస్తే చాలు.

ప్రశ్న: మా సంగీత తరగతిలో 30 మందిమి. అందులో ఇద్దరి పుట్టినరోజు ఒకటేనని తేలింది. ఇది అరుదా?

అరుదు కాదు. 30 మందిలో ఏ ఇద్దరికో తేదీ కలిసే అవకాశం సుమారు 70.6 శాతం. 23 మంది ఉంటేనే సగం దాటి 50.7 అవుతుంది. 41 మందికి 90, 57 మందికి 99 శాతం. మనుషుల్ని కాకుండా జతల్ని లెక్కపెడితే సంగతి అర్థమవుతుంది. 30 మందిలో 435 జతలున్నాయి, ప్రతి జతకూ ఒక అవకాశం. అదే ముందుగా ఒక తేదీ పెట్టుకుని, ఉదాహరణకు ఘంటసాల గారి డిసెంబరు 4న పుట్టినవారు ఒక్కరైనా దొరుకుతారా అని వెతికితే, సగం అవకాశం రావడానికి 253 మంది కావాలి. సంగీత లోకంలో వెతికితే దొరికారు కూడా: ఘంటసాల 1922, ర్యాప్ గాయకుడు జే-జీ 1969.

ప్రశ్న: ఏడాదిలో ప్రతి తేదీకీ కనీసం ఒక సంగీతకారుడు ఉండేలా జాబితా చేద్దామని ఉంది. ఎంతమంది పేర్లు సేకరించాలి? ఎక్సెల్‌లో చేస్తే సరిపోతుందా?

365 పేర్లు చాలవు, కలిసేవి కలుస్తూనే ఉంటాయి. లెక్క ప్రకారం 500 పేర్లు సేకరిస్తే దాదాపు 93 తేదీలు ఖాళీగా మిగులుతాయి, 1000కి 24, 2000 పేర్లకు ఒకటో రెండో. 1000 దగ్గర ఆపి, మిగిలిన ఖాళీల్ని తేదీ పట్టుకుని వెతకడమే తెలివైన పని. గాయకుల దగ్గరే ఆగిపోకండి. వాద్యాలు చేసినవారు, నిర్మాతలు, కచేరీలు ఏర్పాటు చేసినవారు ఖాళీలు బాగా నింపుతారు. జనవరి 8కి ఎల్విస్ ప్రెస్లీ, సరిగ్గా 12 ఏళ్ల తర్వాత పుట్టిన డేవిడ్ బోవీ అందరికీ గుర్తొస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ హాల్లో కచేరీలు నడిపిన బిల్ గ్రాహమ్ కూడా 1931లో అదే తేదీన పుట్టాడు. జనవరి 10న యేసుదాసు గారు 1940లో, రాడ్ స్టీవర్ట్ 1945లో పుట్టారు. ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్న పేరు పెట్టిన నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ 1917లో. మాకు బాగా నచ్చిన జోడీ నవంబరు 6: శాక్సఫోన్ తయారుచేసిన అడాల్ఫ్ శాక్స్ 1814లో, బ్యాండు మార్చ్‌ల సూసా 1854లో. పోలండ్ పియానిస్టు పడెరెవ్‌స్కీని కూడా ఆ రోజు కింద వేసిన జాబితా కనిపిస్తే జాగ్రత్త. 1860 నవంబరు 6 పాత లెక్క, కొత్త లెక్కలో 18.

ఎక్సెల్‌లో చేయవచ్చు గానీ తేదీని ఒకే గడిలో పెట్టకండి. అది 1900కు ముందు తేదీల్ని తేదీలుగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. దాంతో వరస పెట్టినప్పుడు బ్రామ్స్, చైకోవ్‌స్కీ అందరూ అడుగుకు పోతారు. పైగా లేని 1900 ఫిబ్రవరి 29ని అది ఉన్నట్టు లెక్కిస్తుంది. రోజు, నెల, ఏడాది మూడు వేరువేరు నిలువు వరసల్లో అంకెలుగా రాయండి. నాలుగో వరసలో నెలను 100తో గుణించి రోజు కలపండి: ఆగస్టు 4 అయితే 804. దాని మీద వరస పెడితే ఒకే తేదీవారు పక్కపక్కకు వస్తారు. ఇంకా ఏ క్యాలెండరు, ఏ ఆధారం, రెండో తేదీ ఉంటే అది, ఈ మూడింటికీ చోటు ఉంచండి. 4/8 అని మాత్రం ఎక్కడా రాయకండి. అమెరికా పద్ధతిలో అది ఏప్రిల్ 8. కిశోర్ కుమార్ తేదీని ఇలా తారుమారు చేయడం చాలా తేలిక. నెల పేరు అక్షరాల్లో ఉన్న చోటు నుంచే తేదీ తీసుకోండి.

ప్రశ్న: ఫిబ్రవరి 29కి ఎవరున్నారు?

రొస్సీనీ, 1792. ఆయన పుట్టిన తేదీ 1796లో ఒకసారి వచ్చి, మళ్లీ 1804 దాకా రాలేదు. 1800 లీపు సంవత్సరం కాదు కాబట్టి. 1868 నవంబరులో చనిపోయేవరకు మొత్తం 18 సార్లు వచ్చింది. నాలుగుతో భాగించి ఊరుకునేవారికి 19 వస్తుంది, అది తప్పు. అదే తేదీకి అరుదైన జోడీ ఇంకొకటి ఉంది. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్, అమెరికా శాక్సఫోన్ వాద్యకారుడు జిమ్మీ డోర్సీ ఇద్దరూ 1904 ఫిబ్రవరి 29నే పుట్టారు. తేదీతో పాటు ఏడాది కూడా ఒకటే.

ప్రశ్న: అన్నిటికన్నా గొప్ప తేదీ మీ దృష్టిలో ఏది?

పేర్ల సంఖ్య చూస్తే సెప్టెంబరు 8. 1841లో ద్వొర్జాక్, 1897లో జిమ్మీ రోజర్స్, 1926లో భూపేన్ హజారికా, 1932లో ప్యాట్సీ క్లైన్, సరిగ్గా ఏడాదికి ఆశా భోంస్లే. కానీ మా ఓటు సెప్టెంబరు 16కి. 1887లో ఫ్రెంచి సంగీత గురువు నాదియా బూలాంజే, 1916లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, 1925లో బి.బి. కింగ్. బూలాంజే దగ్గర చదువుకున్నవారిలో కోప్లాండ్, పియాజొల్లా, క్విన్సీ జోన్స్, ఫిలిప్ గ్లాస్ ఉన్నారు. సుబ్బులక్ష్మి భారతరత్న అందుకున్న తొలి సంగీత విదుషీమణి. కింగ్ గిటార్‌లో ఒక స్వరాన్ని సాగదీసి వణికించే తీరు ఆ తర్వాతి గిటారిస్టులందరికీ పాఠమైంది. ముగ్గురివీ మూడు వేర్వేరు సంప్రదాయాలు, మూడు తేదీలూ క్యాలెండరు చిక్కు లేనివి.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జులై 6ను కూడా మరిచిపోకండి. 1925లో బిల్ హేలీ, 1930లో బాలమురళి, 1937లో పియానిస్టు అష్కెనాజీ.

ప్రశ్న: త్యాగరాజ ఆరాధన రోజును ఆయన పుట్టినరోజుగా జాబితాలో వేయవచ్చా?

వేయకూడదు. పుష్య బహుళ పంచమి ఆయన సిద్ధి పొందిన తిథి. పుట్టింది 1767 మే 4గా చెబుతారు. అన్నమయ్య జయంతి మాత్రం పుట్టిన తిథే, వైశాఖ పౌర్ణమి. తిథితో జరిపేవి ప్రతి ఏడూ వేరే తేదీకి పడతాయి కాబట్టి వాటికి విడిగా ఒక పట్టిక పెట్టుకుని, ఏటా పంచాంగం చూసి తేదీ నింపుకోండి. 19 సౌర సంవత్సరాలు 235 చాంద్రమాసాలకు రెండు గంటల తేడాలో సరిపోతాయి. అందువల్ల ఈ ఏడు నింపిన తేదీ 19 ఏళ్ల తర్వాత మళ్లీ అదే చోటికో, ఒక రోజు అటూఇటూగానో వస్తుంది.