పత్తర్‌గట్టి షాపులో పాత వైరింగు మార్చాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: పత్తర్‌గట్టి రాతి కమానుల వరుసలో మాకు చీరల దుకాణం ఉంది. కింద షాపు, పైన గోడౌను. మా తాతగారి కాలం నుంచి అద్దెకుంటున్నాం, ఇప్పుడు అద్దె నెలకు 3,200 రూపాయలు. చార్మినార్ నుంచి నడిస్తే రెండు మూడు నిమిషాలు. వైరింగు చెక్క పట్టీల్లో వేసిన కాలం నాటిది. రెండు ఏసీలు పెట్టాక లోడు చాలడం లేదు, ఎండాకాలంలో రోజుకోసారి ఫ్యూజు పోతుంది. గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదం తర్వాత ఇంట్లో అందరికీ టెన్షనే. వైరింగంతా మార్చి, లోడు పెంచి, పైకి సరుకు చేర్చడానికి చిన్న లిఫ్టు పెట్టుకుందామని మా ఆలోచన. ఓనరు గారేమో ‘ఇది హెరిటేజ్ బిల్డింగు, మేకు కొట్టినా కేసవుతుంది’ అంటూ సంతకం పెట్టడం లేదు. ఆయన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేనిదే లోడు పెంచమని కరెంటాఫీసులో చెప్పారు. మా ఖర్చుతో మేమే చేయించుకోవచ్చా? ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, చాలామంది బోల్తా పడేది అక్కడే. చేయించుకోండి, కానీ అద్దెలో ఒక్క రూపాయి కూడా పట్టుకోకండి.

ఓనరు చేయాల్సిన రిపేరు చేయకపోతే, నోటీసిచ్చి అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. ఫోన్లో వెతికితే ముందు కనబడేదీ ఇదే. మీ వ్యవహారం మాత్రం వేరు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటని పాత భవనాలకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే చట్టంలో చెప్పిన కారణాల్లో ఒకదాన్ని ఓనరు, అద్దె వివాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. ఆ కారణాల్లో మొట్టమొదటిది అద్దె ఎగ్గొట్టడం. వైరింగుకు 40 వేలు అయిందని ఏడాది పాటు అద్దె ఆపారనుకోండి, కేసు మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. నెలనెలా బ్యాంకు ద్వారా కట్టేయండి. మీ అద్దె 3,600 అయి ఉంటే ఈ రక్షణే ఉండేది కాదు, పదిహేను రోజుల నోటీసిచ్చి సివిల్ కోర్టుకు వెళ్లిపోయేవారు.

అదే చట్టంలో ఇంకో కారణం కూడా ఉంది: భవనం విలువ గానీ, ఉపయోగం గానీ బాగా తగ్గిపోయేలా అద్దెదారు దాన్ని పాడుచేయడం. పాత కట్టడాల్లో వైరింగు పని కేసుగా మారేది దీని కిందే. తీగలు మార్చడాన్ని పాడుచేయడం అని ఏ కోర్టూ అనదు. గోడను ఏం చేశారన్నదే చూస్తారు. సికింద్రాబాద్‌లో ఇలాంటి ఒక పాత షాపు కేసు నేను చూశాను. అద్దెదారు వైరింగంతా కొత్తగా వేయించాడు, దాని గురించి ఓనరు తరఫు వకీలు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం రెండు రాళ్ల చుట్టూ తిరిగింది. ఏసీ డక్టు పట్టడం లేదని కమాను పక్కన రెండు రాళ్లు ఊడదీయించాడు మనవాడు. ‘ఆ రాళ్లు ఇప్పుడెక్కడున్నాయి?’ అని అడిగితే జవాబు లేదు.

కాబట్టి ఎలక్ట్రీషియన్ రాగానే ముందు చెప్పాల్సింది, గోడకు గాడి కొట్టొద్దని. కన్సీల్డ్ వైరింగు అలవాటైన వాళ్లు కట్టర్ మిషను తీసుకునే దిగుతారు. రాతికీ పాత సున్నానికీ అది పనికిరాదు. పైపులు గోడ మీదుగానే వెళ్లాలి, క్లాంపులు రాళ్ల మధ్య అతుకుల్లోనే పడాలి, రాతికి డ్రిల్లు తగలకూడదు. రేపు విప్పేస్తే గోడ మునుపటిలాగే ఉండాలి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ముందు కమానుల మీద బిగించకండి, వెనక్కి పెట్టించండి. వాటి నీళ్లు గోడ మీద కారకుండా పైపు కిందిదాకా దించండి. పని మొదలయ్యే ముందు ప్రతి గోడకూ ఫొటోలు తీసి ఉంచుకోండి.

ఇక ‘మేకు కొట్టినా కేసు’ అన్న మాట. అందులో పావు వంతు నిజముంది. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పురాతన కట్టడాల రక్షణ కోసం తెచ్చిన 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత తీసుకునేది మినారు గోడ నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. ఈ దూరం మీ విషయంలో చాలా ముఖ్యం. మొదటి 100 మీటర్లలో, 1992 జూన్ 16 కంటే ముందే ఉన్న భవనానికి రిపేరు అనుమతి అడిగే హక్కును చట్టం ఓనరుకే ఇచ్చింది. తర్వాతి 200 మీటర్లలో మాత్రం భవనం స్వాధీనంలో ఉన్నవారు కూడా అడగొచ్చు. నడక రెండు మూడు నిమిషాలంటే మీరు రెండో దాంట్లోనే ఉండొచ్చు. సర్వేయరుతో కొలిపించి కాగితం మీద పెట్టించుకోండి. అలా తేలితే ఓనరు సంతకం కోసం ఎదురుచూడకుండా అద్దెదారుగా మీరే దరఖాస్తు చేయొచ్చు.

అసలు వైరింగుకు ఈ అనుమతి అవసరమా? రిపేరు అంటే ఉన్న కట్టడంలో మార్పులు చేయడం అని చట్టమే నిర్వచించింది. పాత దారిలోనే కొత్త తీగ లాగడం కట్టడంలో మార్పు కాదన్నది నా అభిప్రాయం. స్లాబు తొలిచినా, గోడ కోసినా, మెట్ల దగ్గర కొత్త గది కట్టినా అది మార్పే. అనుమానంగా ఉంటే దరఖాస్తు పెట్టేయడం మంచిది. ఈ దరఖాస్తులు తీసుకునే సమర్థ అధికారి దాన్ని 15 రోజుల్లో జాతీయ కట్టడాల అథారిటీకి పంపాలి, అథారిటీ రెండు నెలల్లో తన సిఫారసు చెప్పాలి, ఆ తర్వాత నెలలోగా నిర్ణయం రావాలి. అనుమతి లేకుండా దిగితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

రాష్ట్రం వైపు నుంచి కూడా ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ వారసత్వ భవనాల జాబితాకు ఆధారమైన, పట్టణ ప్రణాళికా నిబంధనల్లోని 13వ రెగ్యులేషన్‌ను 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితా పోయింది కదా అని ధీమా పనికిరాదు. పాత నవాబుల ప్యాలెస్ ఇర్రం మంజిల్‌ను కూల్చాలని సాక్షాత్తు మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్నే 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

లిఫ్టు ఆలోచన మాత్రం మానుకోండి. గొయ్యి తవ్వి, స్లాబు కోసి, డాబా మీద మెషీన్ రూము కడితే రిపేరు దాటి నిర్మాణంలోకి వెళ్లినట్టే. భవనాన్ని పైకి గానీ పక్కకు గానీ పెంచే ఏ పనైనా నిర్మాణమేనని కేంద్ర చట్టం చెబుతోంది. అద్దె చట్టం కింద ఓనరు ఎదురుచూస్తున్న కారణం కూడా ఇదే అవుతుంది. చీరల మూటలకు చేతితో లాగే గిలక చాలు.

కరెంటాఫీసు విషయం సులువు. ఓనరుకు గానీ, ఆవరణలో ఉంటున్నవారికి గానీ దరఖాస్తు మీద సరఫరా ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. ఓనరు ఎన్‌ఓసీ ఇవ్వలేదన్న సాకుతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని, దరఖాస్తుదారు అక్కడ ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలని దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. లోడు పెంపుకూ ఇదే వాదన వాడుకోవచ్చు. అద్దె రసీదులు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్సు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. నోటిమాటగా కుదరదంటే రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో విద్యుత్ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. పని లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించి టెస్ట్ రిపోర్టు తీసుకోండి. మంజూరైన లోడు దాటి ఇలాగే వాడుకుంటూ పోతే అదే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు.

ఓనరు ఒక్కసారిగా మెత్తబడి, ‘సరే, రిపేరు నేనే చేయిస్తా, మూడు నెలలు ఖాళీ చేయండి’ అనొచ్చు. అప్పుడు తాళం చెవి ఇచ్చేయకండి. అద్దె నియంత్రణ చట్టం 12వ సెక్షన్ కింద ఆయన రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లాలి, పని అయ్యాక షాపు తిరిగి మీకే ఇస్తానని హామీ రాసివ్వాలి.

ఇవన్నీ తేలేలోపు ఆగకూడని పని ఒకటుంది. మీ మెయిన్ బోర్డు దగ్గర కిట్‌క్యాట్ ఫ్యూజు (తీగ వేసే పాతకాలపు పింగాణీ ఫ్యూజు) ఒకసారి ఊడదీసి చూడండి. రోజూ పోతోందని విసిగి ఎవరో ఒకరు అందులో రాగితీగ మూడు పేటలు వేసి ఉంటారు. అంటే ఫ్యూజు పోవాల్సిన చోట గోడలోని వైరు కాలుతుంది. గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మంది చనిపోయారు, షార్ట్ సర్క్యూట్ అన్న మాటే ముందు వినబడింది. ఈ వారంలోనే ఎంసీబీలు (లోడు ఎక్కువైతే ఆపేసే స్విచ్చులు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది) ఉన్న డీబీ బాక్సు పెట్టించి, ఎర్తింగు సరిచూపించండి. లోడు పెరిగేదాకా ఒక ఏసీ ఆపేయండి. బోర్డు కింద చీరల అట్టపెట్టెలుంటే ఇవాళే తీసేయండి. అదే రోజు ఓనరుకు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపండి: వైరింగు ప్రమాదకరంగా ఉందని, రాతిని తాకకుండా మీ ఖర్చుతో మారుస్తున్నారని, అద్దెలో ఏమీ మినహాయించడం లేదని. ఇంజనీరు రిపోర్టు, గోడల ఫొటోలు దానికి జతచేసి, పోస్టల్ రసీదు అద్దె రసీదుల ఫైల్లోనే దాచండి.